అరవైమూడు ముఖాలు

ఇంటికి తాళం వేసి పది అడుగులు నడిచాక, అది పడిందో లేదోనని వెనక్కొచ్చి లాగి చూసే మనుషులుంటారు. కృపామణి ఆ కోవలోది. పుత్తూరులో పొద్దుటి ప్యాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చున్నా, స్టవ్వు ఆర్పానా లేదా అన్న దిగులు ఆమెను చాలా దూరం వదిలేది కాదు.

“నీ కడుపులో ఎలకలేమన్నా తిరగతా ఉండాయా మే? ఒక్క నిమిషం కుదురుగా కూసోలేవే!” అని తల్లి పోలేరమ్మ విసుక్కునేది. మార్కెట్టు యార్డులో మూటలు మోసే తండ్రి కుప్పయ్య మాత్రం కూతురి వైపే. “అది అట్ల ఉండబట్టే మనింట్లో ఒక గరిటె కూడా పోలేదు” అనేవాడు.

ముప్పై దాటినా కృపామణికి పెళ్ళి కాలేదు. చూడవచ్చిన వాళ్ళను ఆమే ఎదురు ప్రశ్నలడిగి తరిమేసిందని చర్చిలో ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. డిగ్రీ అయ్యాక టైపు హయ్యరు పాసై, ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని, 2001లో తిరుపతిలో ఆచూకీ కేంద్రంలో గుమస్తాగా చేరింది.

ఆ కేంద్రం రైల్వే స్టేషను వెనక సందులో రెండు గదుల్లో ఉండేది. ఊళ్ళోని కొందరు వ్యాపారులు, రిటైరైన ఉద్యోగులు కలిసి పెట్టింది. తిరుపతికి రోజూ వచ్చే వేలమందిలో ఎవరో ఒకరు తప్పిపోతూనే ఉంటారు. పిల్లల సంగతి పోలీసులు చూసుకుంటారు. పెద్దవాళ్ళ గతే కష్టం. మతి తప్పిన ముసలివాళ్ళు, మన భాష రానివాళ్ళు, ఊరి పేరు మరిచిపోయినవాళ్ళు ప్లాట్‌ఫారం మీదో, సత్రాల అరుగుల మీదో కూర్చుని ఉంటే ఆటోవాళ్ళు, లాడ్జీవాళ్ళు తెచ్చి కేంద్రంలో దింపేవాళ్ళు. స్నానం చేయించి, అన్నం పెట్టి, రెండు మూడు రోజులు చూసేవాళ్ళు. ఎవరూ రాకపోతే వ్యానెక్కించి ఆశ్రమాలకు పంపేవాళ్ళు. సోమవారం వ్యాను చిత్తూరు వెళ్ళేది, శుక్రవారం తడ.

వచ్చినవాళ్ళ వివరాలు రాసుకోవడం కృపామణి పని. ఆ పనిలో ఆమె కుదురులేనితనం ఎంత పనికొచ్చిందో చెప్పలేం. అందరూ “మీదే ఊరు?” అని అడిగి, జవాబు రాకపోతే ఊరుకునేవాళ్ళు. ఆమె ఊరుకునేది కాదు. “మీ ఊర్లో సంత ఏ వారం?” “మీ పక్కింటోళ్ళు ఏం పండిస్తారు?” “మీరు ఎక్కే బస్సు యాడికి పోతాది?” ఊరి పేరు మరిచినవాళ్ళకు కూడా సంత రోజు గుర్తుండేది. చేతిమీద పచ్చబొట్టు, కాలి మెట్టెల తీరు, చీరంచు, అన్నీ రాసేది. ముఖం ఫోటో తీసేది. ఒక్కొక్కరికీ ఒక వరుస నంబరు. అవన్నీ ఒక బట్టల వ్యాపారి ఇచ్చిన కంప్యూటర్లోకి ఎక్కించేది. ఫోటోలు తీసే డిజిటల్ కెమెరా కూడా ఆయనదే.

ఆ కంప్యూటరుకు రెండు నెలలకొకసారి ఏదో ఒక రోగం. వైరస్ తగిలేది, తెర నీలంగా మారి బిగుసుకుపోయేది. బస్టాండు వెనక చిన్న రిపేరు అంగడి పెట్టుకున్న ప్రతాప్ వచ్చి, ఫార్మాట్ చేసి, మళ్ళీ అన్నీ ఎక్కించి పోయేవాడు. ఫార్మాట్ చేసే ముందు ఫోటోలు, వివరాలు సీడీలోకి తీశాడా లేదా అని కృపామణి మూడుసార్లు అడిగేది. అది చాలక ప్రతి శనివారం తనే అతని అంగడికెళ్ళి ఆ వారం వచ్చినవాళ్ళను సీడీ మీద రాయించుకునేది.

“అక్కా, నీకుండేది అనుమానం జబ్బు. మందు లేదు దానికి” అని నవ్వేవాడు ప్రతాప్.

2004 జూలై చివర్లో అతను హుషారుగా వచ్చాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కంప్యూటర్ ముందు కూర్చుని, లేచి చేతులు దులుపుకుని, కేంద్రం కార్యదర్శి యోగానందను పిలిచాడు. ఆయన పోస్టాఫీసులో రిటైరైన పెద్దమనిషి.

“సార్, ఇంక మీకు నాతో పని లేదు. డిస్కులో ఒక మూల నాలుగు జీబీ కోసి పక్కన పెట్టినాను. అది మీకు కనపడదు. రికవరీ పార్టిషన్ అంటారు. ఇప్పుడు ఈ కంప్యూటరు ఎట్లుండాదో, విండోసు, తెలుగు అక్షరాలు, ప్రింటరు, అన్నీ అచ్చం అట్లనే ముద్ర తీసి దాంట్లో దాచినాను. మిషను మొండికేస్తే ఈ ఫ్లాపీ పెట్టి ఆన్ చేసి ఒకటి నొక్కండి. ఇరవై నిమిషాల్లో ఈ రోజు ఎట్లుండాదో అట్ల అయిపోతాది.”

“విత్తనాలు వేరే కుండలో దాచినట్టన్నమాట!” అన్నాడు యోగానంద సంబరంగా.

కృపామణి ముందుకొచ్చింది. “ఈ రోజు ఎట్లుండాదో అట్లంటే, రేపు తీసే ఫోటోలేమైతాయి?”

“అవుంటాయిలే అక్కా.”

“యాడుంటాయి?”

ప్రతాప్ తల గోక్కున్నాడు. “నువ్వు వేరే ఫోల్డర్లో పెట్టుకుంటావు గదా. దాని తోవ దానిదే.” అంతలో అంగడి నుంచి ఫోనొచ్చింది. అతను సంచి సర్దుకోసాగాడు.

“ఒకసారి నొక్కి చూపించి పో అబ్బా.”

“బాగుండే మిషన్ని ఎందుకమ్మా కెలికేది?” అని యోగానంద అడ్డం పడ్డాడు. ప్రతాప్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఆ పూటంతా ఆమెకు పని సాగలేదు. దాచిన ముద్ర వచ్చి పైన పడితే కింద ఉన్నదేమవుతుంది? ఈ ప్రశ్న ఒకరిద్దరిని అడిగింది. “చదువుకున్న పిల్లోడు చెప్పినాడు గదా” అన్నారు. ఇంటికెళ్ళి తల్లితో అంటే, “ఒక్క రోజన్నా ప్రభువు మీద భారమేసి నిద్రపో” అంది పోలేరమ్మ. నిజమే, నాకే జబ్బేమో అనుకుంది కృపామణి. జీవితంలో మొదటిసారి, కావాలని మనసును అదిమిపెట్టి నెమ్మదిగా ఉండాలని చూసింది. శనివారాలు ప్రతాప్ అంగడికి వెళ్ళడం మానేసింది. ఆగస్టులో యోగానంద చెదలు పడుతున్నాయని చెప్పి వివరాలు రాసిన పాత చీటీలన్నీ తగలబెట్టించి, ఇకనుంచి ఎక్కించిన చీటీని ఎక్కించినట్టే చించేయమన్నాడు. “కంప్యూటరుండంగా ఈ చెత్తంతా ఎందుకు?” అన్నాడు. దానికీ ఆమె ఎదురు చెప్పలేదు.

సెప్టెంబరులో బ్రహ్మోత్సవాల రద్దీ. రోజుకు నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. ఆ రద్దీ సద్దుమణిగే వేళకు పోలేరమ్మ పెరట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరులో కాలు విరిగితే పరాయి ఊరి ఆస్పత్రికి ఎవరు పోతారు? ఆకు పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టించారు. కృపామణి నాలుగు రోజులు సెలవు పెట్టి తల్లి దగ్గరుంది. ఆ నాలుగు రోజులూ మంచం పక్కన కూర్చున్నదే గానీ ప్రాణమంతా తిరుపతిలోనే ఉంది.

మంగళవారం పొద్దున ఆమె వచ్చేసరికి యోగానంద గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

“కృపామణీ, నువ్వు లేకపోయినా పని ఆగలేదమ్మా! శనివారం మిషను బిగుసుకునింది. ప్రతాప్ లేడు. నేనే ఫ్లాపీ పెట్టి ఒకటి నొక్కినాను. ఇరవై నిమిషాలకు కొత్త పెండ్లికూతురు మాదిరి లేచి కూసునింది.”

ఆమె చేతిసంచి కింద పెట్టలేదు. నిలబడే కంప్యూటరు తెరిచింది. ఫోటోల ఫోల్డరుంది. లోపల ఫోటోలున్నాయి. చివరిదాకా జరుపుకుంటూ పోయింది. చివరి ఫోటో నంబరు 355. జూలై 24వ తేదీది. ఆమె సెలవు పెట్టేనాటికి ఆఖరి నంబరు 418.

వేళ్ళ మీద లెక్కేసింది. అరవైముగ్గురు.

“సార్, ఆగస్టు యాడ? సెప్టెంబరు యాడ?”

“ఉంటాయి సూడమ్మా, ఇంకో పక్క యాడన్నా ఉంటాయి” అన్నాడాయన. గొంతులో అంతకుముందు ధీమా లేదు.

లేవు. కెమెరాలోవి ఎక్కించినరోజే తుడిచేసేది. వివరాలు రాసిన పట్టిక కూడా 355తోనే ఆగిపోయింది. ఎవరిని చిత్తూరు పంపారో, ఎవరిని తడ పంపారో, ఆ పట్టికలో తప్ప ఎక్కడా లేదు. అడిగిన ప్రశ్న అడిగినట్టే వదిలేశానే అనుకుంది. పరుగులాంటి నడకతో బస్టాండు వెనక్కి వెళ్ళింది.

ప్రతాప్ విన్నాడు. అతని ముఖం మాడిపోయింది. “సి డ్రైవ్‌లోనే పెట్టినావా ఫోటోలు?”

“నువ్వు ఏ డ్రైవో చెప్పినావా నాకు? యాడుంటాయని అడిగితే అంగడికి పరిగెత్తినావు.”

ఫోటోలు పెట్టడానికి ఆ కంప్యూటర్లో వేరే చోటే లేదు. ఉన్నది ఒక్క సి డ్రైవే. దాచిన ముద్ర తిరిగి వచ్చి దాని మీదే పడుతుంది. ఇళ్ళల్లో ఆటలకూ పాటలకూ వాడే కంప్యూటర్లకు అతను అలాగే చేసి ఇచ్చేవాడు. ఇక్కడ దాంట్లో మనుషులున్నారన్న సంగతి అతనికి తట్టలేదు.

“ముందు మిషన్ని ఎవురూ ముట్టుకోగూడదు. ఒక్క అక్షరం కూడా టైపు చేయగూడదు” అంటూ లేచాడు. “పాత ముగ్గు మింద కొత్త ముగ్గేస్తే, కొత్తది పడిన చోట పాతది పోతాది. పడని చోట అట్లనే ఉంటాది, మన కంటికి కనపడదు, అంతే. గాలించి తీయొచ్చు. శనివారం నుంచి దాంట్లో ఏమన్నా ఎక్కించినారా?”

ఆ మాట కేంద్రానికొచ్చి యోగానందను అడిగితే ఆయన తలొంచుకున్నాడు. ఖాళీగా ఉంది కదా అని ఆదివారం మూడు సీడీల భజన పాటలు ఎక్కించుకున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా ప్రతాప్ డిస్కు విప్పి తన అంగడిలో ఇంకో కంప్యూటరుకు తగిలించి గాలింపు మొదలుపెట్టాడు. కృపామణి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది, లేచింది, గుమ్మం దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. తెర మీద పచ్చగీత చీమలా పాకుతోంది. భోజనానికి పొమ్మంటే పోలేదు. సాయంత్రం నాలుగున్నరకు గాలింపు పూర్తయింది.

నలభై ఒక్క ఫోటో బయటపడింది. పేర్లు లేవు, నంబర్లు లేవు, తేదీలు లేవు. ఇరవైఎనిమిది పూర్తిగా ఉన్నాయి. పదమూడు సగమే. పైభాగం బాగుండి కిందంతా బూడిదరంగు పట్టీ. ఒకాయనకు కళ్ళ దాకా ఉంది, నోరు లేదు. ఒకామెకు కొప్పు మాత్రమే ఉంది. వివరాల పట్టికలో ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

అన్నీ కాగితం మీద అచ్చు తీయించి, ఆమె ఇంటికి తీసుకుపోయింది. మంచంలో ఉన్న తల్లి పక్కన పరుచుకుని, ఒక్కొక్క ముఖం కింద గుర్తొచ్చింది రాసుకుంటూ పోయింది. ఈయన బుధవారం సంత అన్నాడు. ఈమెకు మోచేతి మీద తేలు పచ్చబొట్టు, పూర్తిగా గుర్తుంది. ఈయన... ఈయన ఎవరు? భాష ఒరియానా? పోలేరమ్మ కాగితాలు గాలికెగరకుండా చెయ్యి అడ్డం పెట్టింది. శనివారానికి పంతొమ్మిదిమందికి పేర్లు కుదిరాయి.

ఆ మరుసటి సోమవారమే మునెయ్య వచ్చాడు.

ఐరాల దగ్గర పల్లె ఆయనది. యాభై అయిదేళ్ళ రైతు. నెలనాళ్ళుగా తిరిగి తిరిగి చెప్పుల మడమలు అరిగిపోయాయి. భార్య నాగరత్నమ్మకు నాలుగేళ్ళ కిందట జ్వరమొచ్చి మతి దెబ్బతింది. మాట తగ్గింది, తన పేరు తనకే గుర్తుండదు. తిరుపతిలో డాక్టరుకు చూపించడానికి తీసుకొచ్చాడు. మందుల చీటీ పట్టుకుని వరుసలో నిలబడి తిరిగి చూస్తే బెంచీ మీద మనిషి లేదు. అప్పటినుంచి ఆమె పుట్టింటికి వెళ్ళాడు, తిరుత్తణి వెళ్ళాడు, వేలూరు వెళ్ళాడు. ఎవరో చెబితే ఇప్పుడిక్కడికి వచ్చాడు.

ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఫోటో తీశాడు. పెళ్ళయిన కొత్తలో స్టూడియోలో దిగింది. ఇరవై ఏళ్ళ పిల్ల, బిగించిన జడ, బెదురు చూపు. “ఇది తప్ప ఇంకోటి లేదు తల్లీ.”

కృపామణి ఆ ముఖానికి ముప్పై ఏళ్ళు కలిపి చూసింది. పూర్తిగా దొరికిన ఇరవైఎనిమిదిలో లేదు. సగం ఫోటోలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఏడో కాగితం దగ్గర మునెయ్య చెయ్యి ఆగింది. నెరిసిన జుట్టు, నుదురు, కనుబొమ్మలు. కళ్ళ కింద నుంచి అంతా బూడిదరంగే. నుదుటి మీద, కుడి కనుబొమ్మ పైన, వంకర మచ్చ.

“ఇదే తల్లీ. మామిడిచెట్టు మింద నుంచి పడినప్పుడు తగిలిన దెబ్బ ఇది. నా పెండ్లామే.” ఆయన ఆ బూడిదరంగు మీద వేలు పెట్టి రుద్దాడు, కింద ఏమైనా ఉందేమోనన్నట్టు. “మిగతా మొకం యాడ?”

“ఈడికి వచ్చింది. అన్నం తినింది. మేమే ఒక ఆశ్రమానికి పంపినాము. యాడికి పంపినామో రాసిపెట్టింది మా కంప్యూటర్లో పోయింది” అని కృపామణి ఉన్నదున్నట్టు చెప్పింది. చిత్తూరుకు, తడకు ఫోన్లు చేసింది. రెండుచోట్లా ఒకటే మాట, నాగరత్నమ్మ పేరుతో ఎవరూ లేరని. ఎలా ఉంటుంది? ఆమె పేరు ఆమెకే తెలియదు కదా.

కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఫోటోలు తీసేది ఎప్పుడూ ఒకే గోడ ముందు. ఆ గోడకు రోజూ ఒక కాగితం చించే క్యాలెండరు వేలాడుతుంది. నాగరత్నమ్మ తల పక్కన, కొంచెం మసగ్గా, పెద్ద అంకె కనపడుతోంది. పదిహేడు.

“సెప్టెంబరు పదిహేడు ఏ వారం సార్?” అని అరిచినంత పని చేసింది.

యోగానంద పాకెట్ డైరీ తీసి చూశాడు. “శుక్రవారం. మర్నాడు వినాయక చవితి. ఎవురికీ చోటు లేదని పొద్దున వచ్చినోళ్ళని కూడా ఆ పూటే వ్యానెక్కించేసినాము.”

శుక్రవారం వ్యాను తడకు పోతుంది.

మరుసటి రోజు పొద్దుటి బస్సుకే ఆమె మునెయ్యను వెంటబెట్టుకుని బయల్దేరింది. యోగానంద ఫోన్లో ఇంకోసారి కనుక్కుందామన్నాడు గానీ ఆమె వినలేదు. బస్సు కాళహస్తి దాటింది, సూళ్ళూరుపేట దాటింది. ఆమె మనసు బస్సు కన్నా ముందు పరుగెత్తింది. మర్నాడు క్యాలెండరు కాగితం చించడం మరిచిపోయి ఉంటే? శనివారం ఫోటో తీసి, సోమవారం చిత్తూరు వ్యానెక్కించి ఉంటే? పక్కన మునెయ్య ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. దాంట్లో నాగరత్నమ్మ చీర ఒకటి, దువ్వెన ఒకటి ఉన్నాయి.

ఆశ్రమం హైవేకు అవతల, ఉప్పుగాలి కొట్టే చోట, రేకుల కప్పుతో ఉంది. పెద్దామె లిస్టు చూసి తల అడ్డంగా ఊపింది. పైగా, పోయిన వారం చోటు చాలక పదిమందిని రాష్ట్రం సరిహద్దు అవతల ఇంకో ఆశ్రమానికి మార్చామంది. మునెయ్య అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

“మార్చినోళ్ళ పేర్లు నాకు వద్దమ్మా. ఉండేవాళ్ళని సూడనీండి. అందరినీ. ఒక్కొక్కరినీ” అంది కృపామణి.

గదులన్నీ తిరిగింది. ప్రతి నుదురూ చూసింది. వెనక వసారాలో నలుగురు ఆడవాళ్ళు చింతపండు గింజలు తీస్తున్నారు. చివరామె గింజల్ని అయిదేసి కుప్పలుగా పేరుస్తోంది. కనుబొమ్మ పైన వంకర మచ్చ. లిస్టులో ఆమె పేరు లక్ష్మి. పేరు తెలియని ఆడవాళ్ళందరికీ అక్కడ అదే పేరు. ఈమె మూడో మనిషి కాబట్టి, లక్ష్మి పక్కన మూడు అని రాసుకున్నారు.

మునెయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నాగరత్నమ్మ చాలాసేపు చూసింది. పేరు పెట్టి పిలవలేదు, ఏడవలేదు. తోటలోకి వెళ్ళొచ్చిన మొగుణ్ణి అడిగినట్టు అడిగింది.

“నీళ్ళు కట్టినావా?”

నెల నుంచి చేను ముఖం చూడని మనిషి, “కట్టినాను మే. కట్టే వచ్చినాను” అన్నాడు. తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని అవతలికి తిరిగాడు.

తిరుపతికి తిరిగొచ్చాక అందరూ కృపామణిని మెచ్చుకున్నారు. ఆమెకు అది చెవికెక్కలేదు. ఇంకా అరవైఇద్దరున్నారు. వ్యాను డ్రైవరుకు గుర్తున్నంత చెప్పించుకుంది. ఫోటోలు పట్టుకుని రెండు ఆశ్రమాలకూ, సరిహద్దు అవతలి దానికీ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. డిసెంబరు వచ్చేసరికి యాభైఒక్కమంది ఎక్కడున్నారో తేలింది. పదకొండుమంది తేలలేదు. కొందరు ఆశ్రమం నుంచి తామే వెళ్ళిపోయారు. కొందరి ఫోటో కూడా లేదు.

ఈలోపే కంప్యూటరును ప్రతాప్‌తో మళ్ళీ మొదట్నుంచీ చేయించింది. ఈసారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి మెట్టుకూ ఎందుకు అని అడిగి చేయించింది. డిస్కును మూడు భాగాలు చేశారు. సి డ్రైవ్‌లో విండోసు మాత్రమే. డి డ్రైవ్‌లో మనుషులు మాత్రమే. మూడోది కనపడకుండా, సి డ్రైవ్ ముద్ర దాచడానికి. ముద్ర తిరిగి ఎక్కించినప్పుడు అది సి డ్రైవ్ మీద తప్ప ఇంకెక్కడా పడకుండా చూడమంది. ప్రతాప్ చూపించాడు. ఆమె ఆ తెర మీది మాటల్ని నోట్‌బుక్కులో రాసుకుంది.

“ఇప్పుడు నొక్కుదాం” అంది.

“ఇప్పుడా? అంతా బాగుండాది గదక్కా!”

“బాగున్నప్పుడే నొక్కాల. పాడైనాక నొక్కితే ఏం తెలుస్తాది?”

ముందు డి డ్రైవ్‌లో ఉన్నదంతా సీడీ మీద రాయించింది. సి డ్రైవ్‌లో కావాలని ఒక ఫోటో పెట్టింది, డి డ్రైవ్‌లో ఇంకోటి. రెండూ తనవే. యోగానందను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. ఫ్లాపీ పెట్టి, ఆన్ చేసి, ఒకటి నొక్కింది. ఇరవైరెండు నిమిషాలు ముగ్గురూ తెర ముందే కూర్చున్నారు. కంప్యూటరు లేచాక సి డ్రైవ్‌లో పెట్టిన కృపామణి లేదు. డి డ్రైవ్‌లో పెట్టిన కృపామణి ఉంది.

“చూసినారా సార్? ఏది పోతాదో, ఏది ఉంటాదో.”

యోగానంద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “తప్పు నాదేనమ్మా. ఆ రోజు నువ్వు నొక్కి చూపించమన్నావు. కెలకొద్దన్నది నేనే.”

“నేను ఊరుకున్నాను గద సార్. నాకు తెలిసీ ఊరుకున్నాను.”

ప్రతాప్ సామాను సర్దుకుంటూ, “ఇంకన్నా నెమ్మదిగా ఉంటావా అక్కా?” అన్నాడు.

“డిస్కే కాలిపోతే? మూడు భాగాలూ ఆ ఒక్క రేకు మిందే గదా ఉండాయి?”

అతను నవ్వబోయి ఆగాడు. ఆ శనివారం నుంచి మళ్ళీ సీడీలు మొదలయ్యాయి, ఈసారి రెండేసి. అతను తను చేసిచ్చిన పాత కంప్యూటర్లన్నిటికీ, ఇళ్ళకు తిరిగి తిరిగి, ఫోటోలకు వేరే భాగం కోసి ఇచ్చి వచ్చాడు. ఎన్ని ఇళ్ళు తిరిగాడో అడిగితే చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నందిని అనే ఆమె వచ్చింది. కోలారు వైపు బడిలో టీచరు. తండ్రి ఆగస్టులో తిరుమల వచ్చి తిరిగి రాలేదంది. ఆమె చూపిన ఫోటో చూడగానే కృపామణికి తెలిసింది. 371. గురువారం సంత, పట్టుపురుగుల పెంపకం. ఎడమ చేతికి ఇత్తడి కడియం. తేలని పదకొండుమందిలో ఒకరు.

యోగానంద కృపామణిని పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. “ఈడికి రాలేదని చెప్దామమ్మా. చెప్పి ఏం లాభం? ఆ బిడ్డ మనసు ఇంకా కష్టపడతాది.”

కృపామణి వెనక్కొచ్చి నందిని ఎదురుగా కూర్చుంది. “మీ నాయన ఈడికి వచ్చినాడమ్మా. మూడు రోజులుండినాడు. ఆశ్రమానికి పంపినాము. యాడికో రాసింది మా తప్పు వల్ల పోయింది. చిత్తూరూ తడా రెండూ ఎతికినాను. దొరకలేదు. ఇంకా ఎతకతా ఉండాను.”

నందిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోప్పడుతుందేమోనని కృపామణి చూసింది. తిట్టినా బాగుండుననిపించింది. నందిని అడిగింది.

“ఈడుండినప్పుడు అన్నం బాగా తినేవాడా?”

“తినేవాడు. చారన్నం రెండుసార్లు పెట్టించుకునేవాడు. మజ్జిగ వద్దనేవాడు.”

“అవును, మజ్జిగ ముట్టడు” అంది నందిని. మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లేచేముందు ఆమె తన బడి ఫోను నంబరు, పక్కింటివాళ్ళ నంబరు చెప్పింది. కృపామణి కంప్యూటర్లో ఎక్కించింది. గోడ మీద అంటించిన పదకొండుమంది కాగితంలో 371 ఎదురుగా రాసింది. తన నోట్‌బుక్కులో రాసింది. నందిని గడప దాటి సందు మలుపు దాకా వెళ్ళిపోయాక, చెప్పుల్లేకుండానే వెనక పరిగెత్తి ఆమెను ఆపింది.

“ఆ రెండో నంబరు ఇంకొకసారి చెప్పమ్మా.”